పందొమ్మిదో నంబరు నడక

పదకొండు గంటలకి కవరు చింపుతారు. ఇప్పుడు పదీ ఐదు. ల్యాబులో పెద్దసారు గది బయట, గోడవారన వేసిన బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో ఉన్న కాగితం వైపు చూడకుండా ఉండటానికి ఏమేం చేయొచ్చో అన్నీ చేసేసింది ఆమె. నేల మీద పలకలు లెక్కపెట్టింది. ఎదుటి గోడ మీద మంట ఆర్పే సిలిండరు వాడే పద్ధతి రెండుసార్లు చదివింది. చెప్పుల్లో కాలివేళ్ళు ఒక్కొక్కటే కదిపి చూసుకుంది, అన్నీ ఉన్నాయి, అన్నిటికీ స్పర్శ ఉంది. కాగితంలో ఉన్నది ఒకే ఒక్క వాక్యం. పరీక్షలు చేసిన కాలమంతా ఏ ఎలుక ఏ గుంపుకి చెందిందో నాకు తెలియదు. కింద సంతకానికి ఒక గీత. నలుగురు మనుషులు, నలభై ఎలుకలు, ఆరు నెలలు వచ్చి ఆ గీత మీద ఆగాయి. పెన్ను కోసం జేబులన్నీ వెతికి, చివరికి చెవి మీద దొరికితే తీసుకుంది. నాన్న గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క పెట్టుకునే చోటు అది. ఎప్పుడు పెట్టుకుందో తనకే తెలియదు, చెయ్యి దానంతటదే పెట్టేసింది, చేతులు చేసే పనులన్నీ మనిషికి చెప్పి చేస్తాయా ఏమిటి.

ఎదురు గదిలో పెట్టెలు కడుగుతున్నారు. నలభై ప్లాస్టిక్ పెట్టెలు, పోయిన వారమే ఖాళీ అయ్యాయి. ఎలుకల్ని శాశ్వతంగా నిద్రపుచ్చి, వెనక పాదాల చర్మం చిన్న ముక్కలుగా తీసి, ఫ్రిజ్‌లో పెట్టేశారు. ఆ రోజు ఆమె కూడా ఉంది, అన్నిటికీ పని చేసింది, పందొమ్మిదో నంబరు వచ్చినప్పుడు మాత్రం నీళ్ళు తాగడానికని బయటికి వెళ్ళింది. కడిగే మిషను ఒక్కటే లయలో టకటకా టకటకా అంటోంది. తలుపు కింద సందులోంచి ఆవిరి కొంచెం కొంచెంగా బయటికి పాకుతోంది. ఆవిరి చూడకూడదనుకుంది. చప్పుడు మాత్రం వినకుండా ఎలా ఉంటుంది, చెవులకి రెప్పలు లేవు కదా. టకటకా టకటకా, ఆగి, మళ్ళీ టకటకా. మిషను కుట్టేటప్పుడు నాన్న కూడా అలాగే ఆగేవాడు, గుడ్డ మలుపు తిరిగే చోట, చొక్కా కాలరు దగ్గర, చంక దగ్గర. ఆ ఆగడం విని పక్కగదిలో పడుకున్న తనకి ఇప్పుడు కాలరు పూర్తయింది, ఇప్పుడు చెయ్యి అతుకుతున్నాడు అని తెలిసిపోయేది. తర్వాత తర్వాత మలుపు లేని చోట కూడా ఆగడం మొదలైంది. పెడల్ ఎక్కడుందో కాలికి తెలిసేది కాదు. చెప్పు విప్పి ఉత్తికాలితో తొక్కినా తెలిసేది కాదు, వంగి చూసుకుని, చేత్తో కాలు పట్టుకుని పెడల్ మీద పెట్టుకునేవాడు, మరెవరిదో కాలు పెట్టినట్టు.

దూది మీద నిలబడ్డట్టుందే తల్లీ, అనేవాడు. చీమలు పాకుతున్నాయనేవాడు. సాయంత్రమైతే నిప్పులమీద పెట్టినట్టు మంటలనేవాడు. దుప్పటి అంచు తగిలినా కెవ్వుమనే ఆ పాదమే నేలమీద పడ్డ గుండుసూది దిగితే ఊరుకునేది. ఇదేం విడ్డూరం, అయితే మంటైనా ఉండాలి, లేకపోతే మొద్దుబారైనా ఉండాలి, రెండూ ఒకేసారి ఎలా ఉంటాయి, కాబట్టి ఇది నాటకం. అమ్మ తేల్చేసింది. కాజాలు కుట్టే సూది నోట్లో పెట్టుకునే తిట్టేది అమ్మ, ఎప్పుడూ సూది మింగింది లేదు, మాట తడబడిందీ లేదు. "ఆ కాళ్ళ మంట గొంతులో పోస్తేగానీ చల్లారదు కాబోలు!" నాన్న నవ్వేవాడు. "కాళ్ళకి దాహం వేసింది, నేనేం చెయ్యను?" నవ్వి సీసా వైపు వెళ్ళేవాడు. నవ్వాడు కాబట్టి అది అబద్ధమని అమ్మ నమ్మింది. అమ్మ నమ్మింది కాబట్టి తనూ నమ్మింది.

అది అబద్ధం కాదని చదువుకున్నాక తెలిసింది. పుస్తకంలో అర పేజీ. ఏళ్ళ తరబడి తాగితే నరాలు చివర్ల నుంచి చచ్చుకుంటూ వస్తాయి. ఒంట్లో అన్నిటికన్నా పొడుగు నరం కాలివేలిదాకా వెళ్ళేది, అందుకే దెబ్బ ముందు దానికే. చచ్చేముందు అది ఊరికే చావదు, లేని నిప్పుని ఉందంటుంది, ఉన్న నిప్పుని లేదంటుంది. ఆ అర పేజీ చదివిన రోజు హాస్టలు గదిలో తను అన్నం మానేసి కూర్చుంది. చికిత్స అన్న చోట రెండు ముక్కలు, తాగుడు మానాలి, విటమిన్లు వాడాలి. మంట తగ్గడానికి ఏవో బిళ్ళలున్నాయి గానీ, చచ్చుబడుతున్న నరాన్ని పట్టుకుని ఆపే మందంటూ లేదు. ఎందుకు లేదంటే ఎవరికి కావాలి, తాగుబోతు కాళ్ళేగా. అందుకే ఈ ల్యాబుకి వచ్చింది. వేరే చోట్ల ఇంతకన్నా పేరొచ్చే పనులు దొరికినా ఇక్కడికే వచ్చింది. ఇక్కడ వీళ్ళు నరం లోపల ఒక ప్రోటీన్ వెంట పడ్డారు. దానికి అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి పేరుంది, ల్యాబులో మాత్రం అందరూ మొండిఘటం అంటారు. తాగుడు దాన్ని ఒకసారి నిద్రలేపితే మళ్ళీ పడుకోదు, పగలూ రాత్రీ నరాన్ని గిల్లుతూనే ఉంటుంది. ఆ మొండిఘటాన్ని పడుకోబెడితే? దాని మీదకే సూటిగా వెళ్ళే మందు ఒకటి తయారైంది. మందు పని చేస్తే ఎక్కడో ఎవరి నాన్నో తన కాలు తను చూసుకోకుండా పెడల్ మీద పెట్టగలడు. ఆమెకి కావాల్సింది అంతే, ఇంకేమీ అక్కర్లేదు, పేరూ వద్దు. అదే చిక్కయింది. అంతగా కావాలనుకున్న మనిషి చేతికి ఆ పరీక్ష ఇవ్వకూడదు.

పరీక్ష చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. ఎలుకని జల్లెడలాంటి తీగ నేల మీద నిలబెడతారు. కింద నుంచి నైలాన్ పోగుతో పాదాన్ని అదుముతారు, పోగు వంగేదాకా. సన్న పోగుతో మొదలుపెట్టి లావు పోగు దాకా. పాదం ఎత్తేస్తే అవును, ఎత్తకపోతే లేదు, సన్న పోగుకే ఎత్తేస్తే నరం చెడినట్టు. సగం ఎలుకలు తాగినవి, సగం తాగనివి, తాగినవాటిలో సగానికే మందు. ఏది ఏదో ఫలితాలు లెక్కకట్టే లెక్కలాయనకి తప్ప ఎవరికీ తెలియదు, ఆయన రాసి కవర్లో పెట్టి అంటించేశాడు. తన ముందున్నవి నంబర్లు మాత్రమే. తెలిస్తే చెయ్యి మొగ్గుతుంది కాబట్టి తెలియకూడదు. ఇది ఈ పనిలో మొదటిరోజు చెప్పే పాఠం, తనే ఇద్దరు కొత్తవాళ్ళకి చెప్పింది, వేలు ఊపి మరీ చెప్పింది. ఐదో వారంలో తీగ నేల మీద పందొమ్మిదో నంబరు నాలుగడుగులు వేసింది. వెనక కాలు ఎత్తి, ఒక్క క్షణం గాలిలో ఉంచి, మడమ మెల్లగా ఆనించి, అప్పుడు వేళ్ళు, ఒక్కొక్కటిగా, నేల ఉందో లేదో వాకబు చేస్తున్నట్టు. ఆమె చేతిలో పోగు అలాగే ఉండిపోయింది. దాని మెడలో నాన్న కొలతల టేపు ఉందేమో అని చూసిందంటే నవ్వుతారు గానీ, చూసింది.

ఆ తర్వాత చూడకుండా ఉండటం ఆమె వల్ల కాలేదు. ఏడో నంబరు అలాగే నడుస్తోంది. పదకొండు, ఇరవై ఆరు, ముప్ఫై మూడు. ఎవరూ పట్టించుకోలేదు, పాపం వాళ్ళ తప్పేం లేదు, నడక రాయమని కాగితంలో గడి లేదు, వాళ్ళెవరూ ఆ నడక వెనకాల పెరగలేదు. తొమ్మిదో వారంలో పందొమ్మిదో నంబరు గబగబా పరుగెత్తి మూలకెళ్ళి మూతి కడుక్కుంది. మామూలు ఎలుకలా. ఆమె పోగులన్నీ పెట్టెలో సర్ది, చేతులు కడిగే గదిలోకి వెళ్ళి కుళాయి విప్పి, ఆ నీళ్ళ చప్పుడు చాటున వెక్కి వెక్కి ఏడ్చింది. నవ్వూ వచ్చింది. పెట్టెల అక్క, ఆ పెట్టెలు కడిగే ఆవిడే, తలుపు తీసి చూసి, "ఏమ్మా, కరిచిందా?" అంది. "కరిచిందక్కా," అని చెప్పింది.

ఆ రోజే లేచి పెద్దసారు దగ్గరికి వెళ్ళాల్సింది. నాకు తెలిసిపోయింది సర్, ఇంకొకర్ని పెట్టండి. ఐదు మాటలు. రేపు చెబుదామనుకుంది, రేపటికి ఎల్లుండి వచ్చింది, పని నడుస్తూనే ఉంది. తనకి తనే నచ్చజెప్పుకుంది, పోగు వంగే బలం పోగుదే కదా, నా చెయ్యి ఎంత మొగ్గితే మాత్రం ఏమవుతుంది. పోగు బలం పోగుదే. పాదం కదలిక మాత్రం చూసేవాళ్ళ కంటిది. పందొమ్మిది పాదం సగం కదిలి ఆగింది, ఎత్తడమా, సర్దుకోవడమా? సర్దుకోవడమే. లేదు అని రాసింది. ఇంకా పాత నడకే నడుస్తున్న ఏడో నంబరు పాదం కూడా అలాగే సగం కదిలి ఆగింది. ఎత్తడమే. అవును అని రాసింది. అలా ఎన్నిసార్లు? మూడా? పదకొండా? గుర్తు లేదు. ఎంత తవ్వినా గుర్తు రావడం లేదు. రాసేటప్పుడు ప్రతిసారీ నిజమే రాస్తున్నాననుకుంది, దొంగతనం చేస్తున్నట్టు ఒక్కసారి కూడా అనిపించలేదు, అదే ఇప్పుడు భయం వేస్తోంది. పదీ ముప్ఫై అయింది. టకటకా ఆగింది, మలుపు, మళ్ళీ మొదలైంది. ఆవిరి ఇప్పుడు పలకల మీద బెంచీ దాకా వచ్చింది. కాళ్ళు పైకి తీసుకుంది.

ఆమెకి అప్పుడు పన్నెండేళ్ళు. బళ్ళో పాట పోటీకి కొత్త గౌను కుడతానన్నాడు నాన్న. కుట్టాడు కూడా, రాత్రంతా కూర్చుని. వేదిక ఎక్కాక ఎవరో వెనక నుంచి కిసుక్కుమన్నారు, తర్వాత అందరూ. వెనక కుట్టు అంచు దాటి గుడ్డలోకి పోయి, వంకర్లు తిరిగి, ఎక్కడికో వెళ్ళి ఆగిపోయింది. పెడల్ మీద కాలు ఆగాల్సిన చోట ఆగలేదన్నమాట. ఆ అన్నమాట అప్పుడు తెలియదు. తాగి కుట్టాడు, అంతే తెలుసు. ఇంటికొచ్చేసరికి అమ్మ లేదు, కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళింది. నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మెడలో టేపుతో. ఆ రోజు తాగలేదు. వాసన లేదు, కళ్ళు తెల్లగా ఉన్నాయి, గౌను ఎలా ఉందన్నారు అందరూ అని అడిగాడు. బాగుందన్నారని చెప్పింది. కాళ్ళు లాగుతున్నాయి, కాసిని వేణ్ణీళ్ళు పెడతావా తల్లీ అన్నాడు. పెట్టింది. కుతకుత ఉడికేదాకా పెట్టింది. ఇవాళ తేలిపోతుంది అనుకుంది. నాటకమైతే కాలు లాక్కుంటాడు, అమ్మ రాగానే చెప్పొచ్చు. కోపంలో ఉన్న పిల్ల బుర్రకి అది ఎంత తెలివైన ఆలోచనగా తోచిందో, ఆ సంతోషం కూడా గుర్తుంది. బేసినులో పోసింది. "సరిపోయిందా నాన్నా?" "గోరువెచ్చగా కూడా లేదే. ఇంకొంచెం పొయ్యి." గిన్నెలో ఉన్నదంతా పోసింది. ఆవిరి ఆయన గడ్డం దాకా వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని హాయిగా కుర్చీకి చేరగిలబడ్డాడు.

కాలు లాక్కోలేదు. ఆమె జీవితంలో చేసిన మొదటి పరీక్ష అది, ఫలితం నిక్కచ్చిగా వచ్చింది. ఆయన నాటకం ఆడటం లేదు. నీళ్ళ లోపల పాదం రంగు మారుతోంటే ఖాళీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. నాన్న కళ్ళు తెరిచి ముందు చూసింది నీళ్ళని కాదు, ఆమె మొహాన్ని. తర్వాత వంగి చూసుకున్నాడు. ఆసుపత్రిలో డాక్టరు, నీళ్ళు ఎవరు పోశారు, పోసేముందు చూసుకోవద్దా అని అరిచాడు. "నేనే పోసుకున్నాను డాక్టరుగారూ. పీకలదాకా తాగి ఉన్నాను." ఆ మాట ఎవరైనా ఇట్టే నమ్ముతారని ఆయనకి తెలుసు. అమ్మ నమ్మింది. పుండు మానలేదు, మోకాలి కిందిదాకా తీసేశారు, మిషను మీద గుడ్డ కప్పేశారు. రెండేళ్ళు బతికాడు. ఆ రెండేళ్ళూ అమ్మ దెప్పుతూనే ఉంది, తన కాలు తనే ఉడకబెట్టుకున్న మనిషి ఈ లోకంలో ఎవరైనా ఉన్నారా అని. ఆయన ఒక్కసారి కూడా కూతురి వైపు చూడలేదు ఆ మాట వచ్చినప్పుడు. గోడకేసి చూసేవాడు. చూసుంటే చెప్పేసేదేమో. ఇప్పటికీ ఆదివారం ఫోనులో మాట్లాడితే ఎక్కడో ఒకచోట అమ్మ ఆ మాట అంటుంది. ఆమె మాట మార్చేస్తుంది. ఎవరికైనా నీళ్ళు పోసేముందు వేలు పెట్టి చూడాలని అమ్మ చిన్నప్పటి నుంచీ నూరిపోసింది, చంటిపిల్లకి పోసినా, పెద్దవాళ్ళకి పోసినా. ఆ రోజు వేలు పెట్టి చూసిందా? అది గుర్తు రాదు. గిన్నె గుర్తుంది, పట్టుకున్న మసిగుడ్డ మీద గళ్ళు గుర్తున్నాయి, సరిగ్గా అక్కడికొచ్చేసరికి బొమ్మ తెగిపోతుంది. మూడా, పదకొండా, గుర్తు లేదు, అలాగే.

లెక్కలాయన వచ్చేశాడు, పది నిమిషాల ముందే. చంకలో కవరు. "ఏమిటి, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు బిగుసుకుపోయారు? అంతా మంచే జరుగుతుందిలెండి," అని నవ్వుతూ లోపలికి వెళ్ళాడు. మంచే జరుగుతుంది. సంతకం పెడితే మందు గెలుస్తుంది, అంతవరకు ఖాయం, కవరు చింపకుండానే చెప్పగలదు. సంతకం పెట్టకపోతే పైవాళ్ళు ఈ పని కట్టిపెట్టమనొచ్చు, ఆ మాట రెండు నెలలుగా నలుగుతూనే ఉంది. అప్పుడు మొండిఘటం గిల్లుతూనే ఉంటుంది, ఎవరి కాలో నిప్పుల్లో ఉంటుంది, ఆ పాపం తనదే. మరి సంతకం పెట్టి, రేపు అది మనుషుల దాకా వెళ్ళి, పని చేయకపోతే? మందు వేసుకున్నవాడు కాలు నయమైందనుకుని వేణ్ణీళ్ళలో పెడితే? సరిపోయిందా నాన్నా? పందొమ్మిదో నంబరు నిజంగా పరుగెత్తిందా, తను పరుగెత్తించిందా? పందొమ్మిది లేదు, అడగడానికి లేదు. కడిగే మిషను ఆగిపోయింది. ఉన్నట్టుండి వరండా అంతా చెవులు గింగురుమనేంత నిశ్శబ్దమైంది. పెట్టెల అక్క తలుపు బార్లా తెరిచింది, తెల్లగా ఆవిరి ఒక్కసారిగా వచ్చి మొహానికి కొట్టింది. "జరుగమ్మా, కాలిపోతావ్, మసిలిపోతున్నాయి నీళ్ళు." ఆమె లేచి నిలబడింది.

పెద్దసారు కవరు చేతిలో తిప్పుతున్నాడు. ఆమె కాగితం బల్ల మీద పెట్టింది, గీత ఖాళీగా ఉంది.

"సంతకం పెట్టలేను సర్. నాకు తెలిసిపోయింది. ఐదో వారంలో తాగినవి ఏవో, తొమ్మిదో వారంలో మందు పడినవి ఏవో."

లెక్కలాయన నవ్వు మొహం మీదే ఉండిపోయింది. పెద్దసారు, "ఎవరు చెప్పారు?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు. నడక చూసి తెలిసింది."

"నడక మనం రాయడమే లేదే."

"మా ఇంట్లో చూశాను సర్. మా నాన్నది."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. కోపం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు చాలాసేపు ఆ కళ్ళజోడు వైపే చూశాడు. "నీ ఊహ తప్పేమో. కవరు చింపితే తేలిపోతుంది."

"తప్పైనా సర్, ఆ ఊహతోనే రాశాను అన్నీ."

ఆయన కవరు సొరుగులో పెట్టి తాళం వేశాడు. చర్మం ముక్కలున్నాయి కదా అన్నాడు, వాటిలో నరం చివర్లు ఇంకెవరిచేతైనా లెక్కపెట్టిస్తాను, నువ్వు ఆ ఫ్రిజ్ వైపు రావద్దు. నువ్వు రాసినవన్నీ పక్కన పెట్టేయాలి. మళ్ళీ మొదటి నుంచి చేయాలి, చేయనిస్తే. ఒక్కో మాటకీ ఆమె తల ఊపింది. గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి అడిగాడు, మీ నాన్నగారికి ఇప్పుడెలా ఉంది? లేరు సర్, అంది. ఇన్నేళ్ళలో నాన్నని ఎవరైనా గారు అనడం అదే మొదటిసారి వింది.

వరండాలో ఆవిరి విడిపోయింది. కడిగిన పెట్టెలు నలభై, గోడవారన బోర్లించి ఉన్నాయి, నీళ్ళు కారుతూ. పదకొండూ పది. ఆదివారం కాదు. అమ్మ గాభరా పడుతుంది. అయినా ఫోను చేసింది. రెండు రింగులకే ఎత్తింది అమ్మ. "ఏమైందే? ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉన్నానమ్మా. ఒక మాట చెప్పాలి. ఆ రోజు నాన్న తాగలేదు."

"ఏ రోజు?" అంది అమ్మ, జవాబు అక్కర్లేనట్టు. ఊపిరి వినిపిస్తోంది. ఏ రోజో ఇద్దరికీ తెలుసు.

"నీళ్ళు ఆయన పోసుకోలేదు. నేను పోశాను."

అటువైపు ఏదో కింద పెట్టిన చప్పుడైంది, గిన్నో, గ్లాసో. బోర్లించిన ఒక పెట్టె అంచున నీటిచుక్క జారుతూ జారుతూ ఆగింది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో అని ఆమె ఫోను చెవికి అదుముకుని నిలబడింది. అమ్మ గొంతు వచ్చింది, చిన్నగా, పన్నెండేళ్ళ పిల్లని అడిగినట్టే అడిగింది.

"వేలు పెట్టి చూశావా?"

మసిగుడ్డ మీద గళ్ళు. గిన్నె అంచు. ఈసారి బొమ్మ తెగిపోలేదు. కుడిచేతి చూపుడువేలు నీళ్ళని తాకి, చురుక్కుమని, వెంటనే నోట్లోకి వెళ్ళిన వేలు.

"చూశానమ్మా."